అన్నీ మొలలేనా?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటి కట్టంగూర్ చేరేలోపు గోడలు చదువుకుంటూ పోవచ్చు. సిమెంటు కంపెనీల రాతలు వానలకు వెలిసిపోతాయి. ఒక పార్టీ గుర్తు మీద ఇంకో పార్టీ వాళ్ళు సున్నం కొడతారు. ఒక్క రాత మాత్రం ఏటేటా కొత్త రంగు పూసుకుంటుంది. మొలలు, ఫిషర్, ఫిస్టులా. కోత లేదు, నొప్పి లేదు, ఒక్క ఇంజెక్షన్, గ్యారంటీ. కింద ఫోన్ నంబరు. డిగ్రీ ఉండదు. ఎవరూ అడగరు గనుక దాని అవసరమూ ఉండదు.

ఈ వ్యాసం ఆ గోడ మీద కోపంతో రాస్తున్నది కాదు. గోడ మీద ఎవరైనా ఏమైనా రాసుకుంటారు. ఆ రాత మన మనసులో ముందే ఉన్నది కాబట్టే గోడ మీద నిలబడుతున్నది. దొడ్డికి పోతే నెత్తురు పడిందా, మొలలే. మొలలంటే ఒంట్లో వేడి. వేడికి చలువ చేయాలి, కాకుంటే మందు తినాలి, అదీ కాకుంటే సూది వేయించుకోవాలి. ఆపరేషన్ మాత్రం వద్దు, చేయించుకుంటే మళ్ళీ వస్తాయి, పైగా దొడ్డి ఆగదు. ఇదీ మన దగ్గర నడుస్తున్న శాస్త్రం. చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు అనే తేడా దీనికి లేదు. రచ్చబండ మీద కూర్చున్న ముసలాయనా ఇదే చెప్తాడు, ఐటీ కంపెనీలో పనిచేసే ఆయన మనవడూ ఇదే చెప్తాడు. మనవడు ఫోన్లో చూసి చెప్తాడు, అంతే తేడా.

ఇందులో ప్రతి ముక్కా తప్పేనని నేను అనను. కొన్ని ముక్కలు నిజం, కొన్ని సగం నిజం. మొదటి ముక్క మాత్రం పూర్తిగా తప్పు, మనుషుల ప్రాణాలు తీస్తున్నదీ అదే.

మా పెద్దనాయిన సంగతి చెప్పాలి. పత్తి, వరి పండించిన మనిషి. యాభై రెండేండ్ల వయసులో నెత్తురు పడడం మొదలైంది. "గదేం లేదు కొడుకా, వేడి" అన్నాడు. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాడు, కందగడ్డ వండించుకొని తిన్నాడు. మూడు నెలల తర్వాత ఊర్లో ఒకాయన ఇచ్చిన పసరు మందు. తర్వాత రోడ్డు మీది బోర్డు చూసి సూదులు, వారానికొకటి. సూది వేసినప్పుడల్లా నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది. ఆ తర్వాత పట్నంలో ఒక చదువుకున్న డాక్టరే, టేబుల్ అవతల కూర్చునే, మొలల ట్యూబూ గోళీలూ రాసిచ్చాడు. పద్నాలుగు నెలల్లో పెద్దనాయినను ముగ్గురు "చూశారు". లోపల వేలు పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. నాలుగోసారి ఒక చిన్న వయసు సర్జన్ పక్కకు తిరిగి పడుకోమని గ్లౌజు వేసుకొని వేలు పెట్టి చూసింది. అర నిమిషం పట్టలేదు. చేయి బయటికి తీసి ఆమె ఏమీ మాట్లాడలేదు, నా వైపు చూసింది. వేలికి అందేంత దగ్గరలో, గట్టిగా, పురికొస ఉండలాగా కణితి. పద్నాలుగు నెలల నుంచీ అక్కడే ఉన్నది.

గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటారే, ఇక్కడ గోరు కూడా కాదు, వేలికొస సరిపోయేది.

అసలు చిక్కంతా ఆ మాటలో ఉంది. మన వాడుకలో మొలలు అనేది ఒక రోగం పేరుగా లేదు, ఒక చోటు పేరుగా ఉంది. ఆ చోట నెత్తురు పడినా మొలలే, మంట పుట్టినా మొలలే, గడ్డ లేచినా మొలలే, చీము కారినా మొలలే. తలనొప్పి వచ్చినా, పన్ను నొప్పి వచ్చినా, కన్ను ఎర్రబడినా "ముఖరోగం" అని ఒకటే మందు ఇస్తే ఎట్లుంటుందో ఇదీ అట్లాగే ఉంది. ముఖం కనపడుతుంది కాబట్టి అక్కడ ఆ మోసం సాగదు. ఇక్కడ సాగుతున్నది.

మరి మొలలంటే ఏమిటి? వినడానికి వింతగా ఉంటుంది గానీ అవి అందరికీ ఉన్నాయి. పుట్టిన బిడ్డకూ ఉన్నాయి. మలద్వారం లోపలి అంచున మూడు మెత్తలుంటాయి, నెత్తురు నాళాలతో నిండిన దిండ్ల వంటివి. వెల్లకిలా పడుకున్న మనిషిని గడియారం అనుకొని చూస్తే మూడు, ఏడు, పదకొండు గంటల దగ్గర. కండరం ఎంత బిగించినా ఒక సన్న సందు మిగులుతుంది. ఆ సందును పూడ్చేవి ఈ మెత్తలే. గాలీ నీళ్ళ విరేచనమూ మన అనుమతి లేకుండా బయటికి రాకుండా ఆపడంలో వీటికి వాటా ఉంది. 1975లో థామ్సన్ అనే బ్రిటిష్ సర్జన్ ఈ సంగతి తేటగా రాసిన దగ్గర్నుంచి మొలలంటే ఉబ్బిన సిరలు అనే పాత లెక్క మారిపోయింది. ఏండ్ల తరబడి ముక్కీ ముక్కీ, కానుపుల బరువుకీ, వయసుకీ ఈ మెత్తలను పట్టి ఉంచే దారాలు సాగిపోతాయి. మెత్తలు కిందికి జారతాయి, ఒరుసుకుపోయి నెత్తురు కారుతుంది. అదీ మొలల జబ్బు. జారడాన్ని బట్టి నాలుగు మెట్లు. మొదటి మెట్టులో నెత్తురు పడుతుంది గానీ ఏదీ బయటికి రాదు. రెండోదాంట్లో బయటికి వచ్చి దానంతటదే లోపలికి పోతుంది. మూడోదాంట్లో చేత్తో నెట్టాలి. నాలుగోదాంట్లో నెట్టినా పోదు.

ఇంకో సంగతి తెలిస్తే గోడ మీది సగం మాటలకు జవాబు దొరుకుతుంది. ఆ దారిలో ఒక గీత ఉంటుంది, పంటి వరసలా ఎగుడుదిగుడుగా. గీతకు పైన సూది గుచ్చినా నొప్పి తెలియదు, కింద గోరు తగిలినా ప్రాణం పోయినంత పని అవుతుంది. లోపలి మొలలు గీతకు పైన ఉంటాయి. అందుకే వాటినుంచి పడే నెత్తురు నొప్పి లేకుండా, ఎర్రగా, బొట్లు బొట్లుగా పడుతుంది. కాబట్టి "మొలల నొప్పికి ప్రాణం పోతుంది" అని ఎవరైనా అంటే, సామాన్యంగా అది ఉత్త మొలల నొప్పి అయి ఉండదు. గడ్డకట్టిన మొల కావచ్చు, చీలిక కావచ్చు, లోపల చీము పడుతుండవచ్చు.

చీలికనే డాక్టర్లు ఫిషర్ అంటారు. గట్టి మలం పోయేటప్పుడు చర్మం చిట్లుతుంది, ఎక్కువగా వెనక వైపు. కత్తితో కోసినట్టు నొప్పి, అదీ దొడ్డికి పోయి వచ్చాక గంటల తరబడి. నొప్పికి భయపడి మనిషి బిగపట్టుకుంటాడు, మలం మరింత గట్టిపడుతుంది, మళ్ళీ చిట్లుతుంది. ఈ చుట్టును తెంపడానికి చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోవడం, పీచు, నీళ్ళు, కండరాన్ని వదులు చేసే డిల్టియాజెం లేదా నైట్రోగ్లిసరిన్ పూత ఆరేడు వారాలు. దానికీ మానకపోతే లోపలి కండరంలో చిన్న గాటు. ఇట్లాంటి చీలికకు మొలల సూది వేస్తే ఏమవుతుందో గీత సంగతి చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక భగందరం, అంటే ఫిస్టులా, పూర్తిగా వేరే కథ. అక్కడి చిన్న గ్రంథుల్లో చీము పట్టి గడ్డ లేస్తుంది, అది పగిలి లోపలికీ బయటికీ ఒక సొరంగం మిగులుతుంది. సొరంగం ఉన్నన్నాళ్ళు పైన ఎన్ని మందులు పూసినా చీము కారుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఆ సొరంగం వెనక క్షయ ఉంటుంది, క్రోన్స్ అనే పేగు జబ్బు ఉంటుంది. చూడకుండా ఇవన్నీ తెలుస్తాయా?

వేడి సంగతికి వద్దాం. ఈ వేడి అనే మాటను వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. మా అమ్మ "వేడి చేసింది, మజ్జిగ ఎక్కువ తాగు, కారం తగ్గించు" అన్నప్పుడు ఆమె చెప్పిన వైద్యంలో సగం సరైనదే. నీళ్ళు పెరిగితే, పీచు పెరిగితే మలం మెత్తబడుతుంది, మెత్తబడితే ముక్కడం తగ్గుతుంది. పీచు బాగా తిన్నవాళ్ళలో మొలల నెత్తురు సగానికి సగం తగ్గినట్టు పరిశోధనలు కూడా చెప్తున్నాయి. జొన్న గటక, సజ్జ రొట్టె తిన్న కాలంలో మన కడుపులకు ఈ బాధ తక్కువేనని పెద్దవాళ్ళు అంటే నేను కాదనను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, దానికి దండం. అయితే ఈ మెట్ట నేలల్లో గటక గిన్నె అటకెక్కడానికీ ఆ పాలిష్ బియ్యం కొంత కారణమే. పొద్దుగాల అన్నం, పగటికి అన్నం, రాత్రికి అన్నం, పక్కన కూర పేరుకు ఒక ముద్ద. మలబద్ధకం రాక ఏమొస్తుంది?

అక్కడిదాకా వేడి సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, వేడి అన్న తర్వాత ఇక వెతకడం ఆగిపోతుంది. పాలల్లో నిమ్మకాయ పిండుకొని అవి విరిగేలోపు గుటుక్కున తాగాలంటారు. నకిరేకల్ నిమ్మ మార్కెట్ మనకు పక్కనే ఉన్నది కాబట్టి మందుకు కొరత లేదు. తాగండి, నష్టం లేదు. అయితే ఎన్నాళ్ళు? నెల తాగాక కూడా నెత్తురు పడుతుంటే? ఆ ప్రశ్న వేడి సిద్ధాంతంలో లేదు. తగ్గితే మందు గొప్పది, తగ్గకపోతే పథ్యం తప్పావు. ఓడిపోవడమే తెలియని సిద్ధాంతం రోగికి ఎప్పుడూ ప్రమాదమే. పైగా మొలల నెత్తురు దానంతటదే కొన్నాళ్ళు పడుతుంది, కొన్నాళ్ళు ఆగుతుంది. కణితి నెత్తురూ అంతే. ఆగిన రోజున ఎవరి మందు వాడుతుంటే పేరు వాళ్ళకు పోతుంది.

సూది సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ గోడ మీది "రహస్య ఇంజెక్షన్" మన దగ్గర పుట్టింది కాదు, కొత్తదీ కాదు. 1871లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్లింటన్ అనే ఊర్లో మిచెల్ అనే ఆయన కార్బాలిక్ ఆమ్లాన్ని ఆలివ్ నూనెలో కలిపి మొలల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ కలపడం రహస్యంగా ఉంచి ఊరూరా తిరిగే సూదివాళ్ళకు అమ్ముకున్నాడు. "పైల్ డాక్టర్లు" అనేవారు వాళ్ళను. గుర్రపు బండ్లలో తిరిగేవాళ్ళు, కోత లేదు నొప్పి లేదు అని కరపత్రాలు పంచేవాళ్ళు, జబ్బు తిరగబెట్టేసరికి ఇంకో జిల్లాలో ఉండేవాళ్ళు. మన రోడ్డు మీది బోర్డును ఇంగ్లీషులో రాసి నూటయాభై ఏండ్లు వెనక్కి నెడితే అదే. షికాగోలో ఎడ్మండ్ ఆండ్రూస్ అనే సర్జన్ ఈ గుట్టు తెలుసుకొని బయటపెట్టాడు. అంతటితో ఊరుకోకుండా దేశమంతా ఉత్తరాలు రాసి మూడు వేలకు పైగా కేసుల లెక్క రాబట్టాడు. మందు పనిచేసిన కేసులు, నెత్తురు ఆగకుండా పోయిన కేసులు, కాలేయానికి విషం ఎక్కిన కేసులు, చావులు అన్నీ అందులో ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది గమనించాలి. వైద్యులు ఆ సూదిని పారేయలేదు. తీసుకున్నారు. మందును పలచన చేశారు, ఎంత ఎక్కించాలో తేల్చారు, ఎక్కడ గుచ్చాలో గీత గీశారు. బాదం నూనెలో ఐదు శాతం ఫినాల్, మొదటి మెట్టు మొలలకు, గీతకు పైన, గొట్టంలోంచి కంటితో చూస్తూ. ఇప్పటికీ పెద్దాసుపత్రుల్లో వాడే పద్ధతి ఇది. కాబట్టి సూది మోసం కాదు. అట్లాగే రబ్బరు బ్యాండు వేయడం 1963 నాటికే స్థిరపడిన పద్ధతి, అదీ కోత లేనిదే, మత్తు అక్కర్లేనిదే. "ఆపరేషన్ లేకుండా" అనే మాటను గోడకు మనమే రాసిచ్చాం, అది డాక్టరు దగ్గర కూడా దొరుకుతుందని తెలియక. తేడా ఎక్కడంటే, చూడకుండా గుచ్చితే మందు గీతకు కిందపడి మనిషి మంచం పడతాడు, ముందువైపు లోతుగా పోతే మగవాళ్ళకు ప్రొస్టేట్ చీము పడుతుంది, కింది దారి మచ్చకట్టి పెన్సిల్ పట్టేంత సన్నగా బిగుసుకుపోతుంది. వీటన్నిటికంటే దారుణం, మొల అనుకొని గుచ్చిన చోట మొల లేకపోవడం.

ఇక్కడ ఆయుర్వేదం పేరు ఎత్తుతారు. మూడు వేల ఏండ్ల విద్యనే కాదంటావా అని. కాదనను. ఆ పేరు ఎత్తేవాళ్ళు సుశ్రుతుణ్ణి చదివారా అని మాత్రం అడుగుతాను. సుశ్రుతుడు అర్శస్సును, అంటే మొలలను, భగందరాన్నీ చిన్న రోగాల్లో వేయలేదు, ఎనిమిది మహారోగాల్లో వేశాడు. అర్శస్సుకు మందు, క్షారం, కాల్చడం, కోయడం అని నాలుగు దారులు చెప్పి, ఎట్లాంటి మొలకు ఏ దారో విడగొట్టాడు. అన్నిటికంటే ముఖ్యం, అర్శోయంత్రం అని ఒక పనిముట్టు వర్ణించాడు. ఆవు చన్ను ఆకారంలో, నాలుగు వేళ్ళ వెడల్పంత పొడవు గొట్టం, దానికి చూడడానికీ మందు పెట్టడానికీ చీలికలు. ఇవాళ సర్జన్ చేతిలో ఉండే ప్రాక్టోస్కోప్‌కు అది ముత్తాత. అంటే ఆయన చూశాడు. ఎవరి పేరు చెప్పి అమ్ముకుంటున్నారో ఆయన చూడకుండా మందు ఇవ్వలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

సుశ్రుతుడి క్షారసూత్రాన్ని, అంటే మందు పట్టించిన దారాన్ని, 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దేశ్‌పాండే బృందం మళ్ళీ వాడుకలోకి తెచ్చింది. దాన్ని భారత వైద్య పరిశోధన మండలి అల్లోపతి ఆపరేషన్‌తో పోటీకి నిలబెట్టి 1991లో ఫలితం ప్రచురించింది. భగందరం మానడానికి దారంతో ఎనిమిది వారాలు పట్టింది, కత్తితో నాలుగు. మళ్ళీ తిరగబెట్టింది మాత్రం దారంతో నూటికి నలుగురిలో, కత్తితో పదకొండుగురిలో. ఆయుర్వేదం గెలిచిన ఈ పరీక్షను గోడమీది వైద్యుల్లో ఒక్కడూ ప్రస్తావించడు. పరీక్ష అనే మాటే వాళ్ళకు ఇబ్బంది. ఆ పరీక్షలో చేరిన ప్రతి మనిషికీ ముందు భగందరం ఉన్నదని చూసి తేల్చుకున్నారు, తర్వాత నెలల తరబడి వెంటబడి లెక్క రాసుకున్నారు. డిగ్రీ ఉన్న ఆయుర్వేద శల్య వైద్యుడి దగ్గర క్షారసూత్రం వేయించుకుంటానంటే నేనే తోడు వస్తాను.

ఇక ఆపరేషన్ భయం. "కోస్తే మళ్ళొస్తయి, దొడ్డి ఆగది" అనే మాట గాల్లోంచి పుట్టలేదు. 1960ల చివర్లో పీటర్ లార్డ్ అనే బ్రిటిష్ సర్జన్ మత్తిచ్చి మలద్వారాన్ని వేళ్ళతో బలవంతంగా సాగదీసే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. చాలామందికి నొప్పి పోయింది, కొందరికి పట్టు కూడా పోయింది. అందుకే దాన్ని వదిలేశారు. ఆ కాలంలో దెబ్బతిన్న మనిషి ఒక్కడు ఊర్లో ఉంటే చాలు, రెండు తరాలదాకా ఆ మాట తిరుగుతుంది. తిరగబెట్టడమూ నిజమే. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ పరీక్షలో బ్యాండు వేసినవాళ్ళలో ఏడాదిలోపు నూటికి 49 మందికి మళ్ళీ కనిపించాయి. సర్జన్లు దాన్ని దాచుకోలేదు, అచ్చేశారు. బ్యాండు చిన్న పని, కావాలంటే మళ్ళీ వేస్తారు. మొలను కోసి తీసే ఆపరేషన్‌లో నొప్పి ఎక్కువ, తిరగబెట్టడం తక్కువ. ఏది ఎవరికి అనేది మెట్టును బట్టి. మరి గోడ మీది గ్యారంటీ మాటో? నూటికి ఎంతమందికి తిరగబెట్టిందని ఆ ఫోన్ నంబరుకు చేసి అడగండి.

సిగ్గు పడవలసిన రోగం అనుకునేవాళ్ళకు ఒక రాజు కథ. ఫ్రాన్సును ఏలిన పద్నాలుగో లూయీకి భగందరం. ఆస్థాన వైద్యులు ఎన్ని లేపనాలు పూసినా మానలేదు. చివరికి ఫెలిక్స్ అనే సర్జన్ నెలల తరబడి పేదల మీద చేయి తిప్పుకొని, 1686 నవంబరు 18న, మత్తు అనేదే లేని కాలంలో రాజును కోశాడు. రాజు బతికాడు. ఆ పేదల లెక్క చరిత్రలో పెద్దగా లేదనుకోండి. మరో నూటయాభై ఏండ్లకు, 1835లో, లండన్‌లో ఫ్రెడరిక్ సాల్మన్ ఈ రోగాలున్న పేదల కోసమే ఏడు మంచాలతో ఆసుపత్రి తెరిచాడు. తర్వాత సెయింట్ మార్క్స్‌గా పేరుపడింది అదే. 1841లో చార్లెస్ డికెన్స్ భగందరాన్ని కోసిందీ ఈ సాల్మనే, అదీ మత్తు లేకుండానే. మనకు మత్తుంది, లైట్లున్నాయి, స్కానింగ్ ఉంది, గ్లౌజులున్నాయి. లేనిది పడుకొని చూపించే ధైర్యం.

"పేదోడికి డాక్టరెక్కడ దొరుకుతడు, రోడ్డు మీది సూదాయనే దిక్కు" అనే వాదన ఒకటుంది. ఒకప్పుడు నేనూ దానికి తలవంచేవాణ్ణి. ఇప్పుడు కట్టంగూర్ చుట్టూ చూడండి. పక్కనే నార్కట్‌పల్లిలో కామినేని మెడికల్ కాలేజీ. ఇటు నల్లగొండలో, అటు సూర్యాపేటలో 2019లో ఒకే ఏడు మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీలు. ఇంకొంచెం పోతే బీబీనగర్ ఎయిమ్స్. ప్రతి కాలేజీలో సర్జరీ ఓపీ ఉంటుంది, అక్కడ ప్రాక్టోస్కోప్ ఉంటుంది. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. పెద్దనాయిన సూదులకు పోసిన డబ్బుతో నార్కట్‌పల్లికి బస్సులో నూరుసార్లు పోయి రావచ్చు. దూరం రోడ్డు మీద లేదు.

అయితే డాక్టర్లను వదిలేసి సూదివాణ్ణి ఒక్కణ్ణే కొడితే అది దొంగ ఖండన అవుతుంది. పెద్దనాయినను చూడని ముగ్గురిలో ఒకడు తెల్లకోటువాడే. నిమిషానికొక చీటీ నడిచే ఓపీలో, తెర లేని గదిలో, ముగ్గురు విద్యార్థులు నిలబడి చూస్తుంటే ఏ ఆడమనిషి బట్ట తొలగిస్తుంది? పత్తి ఏరబోయే ఆడవాళ్ళు చాటు దొరకక పొద్దంతా నీళ్ళు తాగకుండా బిగపట్టుకుంటారు, ప్రతి కానుపుకూ మొలలు ఒక మెట్టు దిగుతాయి, అయినా వాళ్ళే అందరికంటే ఆలస్యంగా వస్తారు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అనే సామెత ఆడవాళ్ళు పుట్టించిందే అయి ఉంటుంది. ఒక తెర, ఒక ఆడ డాక్టరో నర్సో, తలుపుకు ఒక గొళ్ళెం. సూదివాడి దగ్గర గ్యారంటీ కంటే ముందు దొరికేది ఈ చాటే. ఆసుపత్రులు ఆ చాటు ఇవ్వకుండా జనాన్ని మూఢులనడం నాకు నచ్చదు.

చట్టం లేదా అంటే ఉంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 106వ నిబంధన, దాని వెంట షెడ్యూల్ 'జె'. ఏ రోగాలను నయం చేస్తామని మందు మీద చెప్పుకోకూడదో ఆ జాబితాలో క్యాన్సర్, మధుమేహాల సరసన మొలలూ భగందరమూ పేరుతో సహా ఉన్నాయి. చట్టం చేసినవాళ్ళకు ఈ రోగాల చుట్టూ ఎంత మోసం నడుస్తుందో తెలుసు. గోడకు సున్నం కొట్టేవాళ్ళకే ఇంకా తెలియలేదు.

నెత్తురు పడ్డ ప్రతివాడికీ క్యాన్సరని భయపెట్టడం లేదు. చాలామందికి అది మొలో చీలికో అయి ఉంటుంది. వాళ్ళకు కూడా చూస్తే పోయేదేముంది, ఏ మెట్టో తెలిసి సరైన మందు దొరుకుతుంది. మిగిలినవాళ్ళ కోసమే నా గోల. 2020లో ప్రపంచంలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు 19 లక్షలమందికి పైగా కొత్తగా వచ్చాయి, 9 లక్షలమందికి పైగా చనిపోయారు. మన దేశంలో పాశ్చాత్య దేశాలకంటే తక్కువే, కానీ చిన్న వయసువాళ్ళకు వస్తున్నది, ముదిరాక బయటపడుతున్నది. నలభై దాటిన మనిషికి కొత్తగా నెత్తురు మొదలైనా, అది మలంలో కలిసి నల్లగా, జిగటతో వచ్చినా, రోజూ పోయే తీరు మారినా, పోయి వచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించినా, బరువు తగ్గినా, మనిషి పాలిపోయినా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నా, వేలితో ఆగకుండా కొలనోస్కోపీ దాకా పోవాలి. ముందే దొరికితే ఇప్పటి వైద్యం వేరు. 1908లో మైల్స్ అనే సర్జన్ చూపిన దారిలో మలద్వారం మొత్తం తీసేసి కడుపు మీద సంచి పెట్టేవాళ్ళు. 1982 నుంచి హీల్డ్ చూపిన పద్ధతిలో, ముందు రేడియేషన్, కీమో ఇచ్చి, చాలామందికి ఆ దారి నిలబెట్టగలుగుతున్నారు. ముదిరితే మాత్రం సంచే గతి, ఒక్కోసారి అదీ చాలదు.

పెద్దనాయినకు సంచి పెట్టారు. మూడేండ్లు బతికాడు. సంచి గురించి ఎన్నడూ బాధపడలేదు. "ఆ పిల్ల మొదలే దొరకలే కదరా" అనేవాడు, వేలు పెట్టి చూసిన ఆ సర్జన్ గురించి.

మొన్న దసరాకు ఊరికి పోతే మా చిన్నబావ పక్కకు పిలిచాడు. లారీ నడుపుతాడు, నలభై మూడేండ్లు. "బామ్మర్దీ, ఓ మంచి ట్యూబు పేరు చెప్పు, మూడు నెలల సంది ఎర్రగ పడుతుంది" అన్నాడు. ఎవరికైనా చూపించినవా అన్నాను. చూపించిన, ఇద్దరికి, మొలలన్నరు అన్నాడు.

"వాళ్ళు చూసిండ్రా?"

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "సోమవారం లోడు లేదులే" అన్నాడు. సోమవారం ఇద్దరం నార్కట్‌పల్లి పోయాం. దారిలో ఆ గోడ వచ్చినప్పుడు బావ కిటికీలోంచి తల బయటపెట్టి ఫోన్ నంబరు పైకి చదివాడు.